రెండో ఇమానం

ఇటు జరుగు బిడ్డా, జర దగ్గరికి రా. అంత దూరం కూసుంటే నా మాట నీకు సగమే ఇనవడ్తది, తక్కిన సగం నువ్వే కల్పుకుంటవు. ఈ గొంగడి మీద కాళ్లు ముడుసుకొని కూసో. సిద్దప్ప కొడుకు రేవణ సంగతి చెప్త. ఇమానం తోల్తడు చూడు, ఆ రేవణ. ఆయన నెత్తి మీదికి టోపీ ఎక్కక ముందటి ముచ్చట ఇది.

డెబ్బై ఏడో సంవత్సరం, చలికాలం. జహీరాబాద్‌ల పీర్ల కొట్టం ఎనక గల్లీల సిద్దప్ప ఇల్లు. బొంబాయి సడక్ పొంటి చిరాగ్‌పల్లి దిక్కు పోతుంటే ఆయన చెరుకు తోట. భార్య గిరిజమ్మ, ఒక్కడే కొడుకు. కొడుకు పేరు రేవణసిద్ధప్ప. అంత పొడుగు పేరు ఎవలు పిలుస్తరు, ఊరందరికీ రేవణే. వాళ్ల తాతలు బీదర్ అవతలికెళ్లి వచ్చినోళ్లు. అందుకే పిల్లగాడు తండ్రిని అప్పా అంటడు, ఇంట్ల సగం మాట కన్నడం, సగం మనది.

రేవణ పట్నంల డిగ్రీ చదివి, ఇంట్ల చెప్పకుంటనే ఇమానాల ఫౌజుకు దరఖాస్తు పెట్టిండు. మైసూర్ల బోర్డు ముంగట కూసున్నడు. అక్కడొక మిషన్ పరీక్ష ఉంటదట. కాళ్లతోని ఒకటి తొక్కుకుంట, చేతులతోని ఇంకోటి తిప్పుకుంట తెర మీద ఉరికే చుక్కను పట్టుకోవాలె. అది జన్మల ఒక్కసారే ఇస్తరట, తప్పితే మళ్ల అడిగేది లేదు. రేవణ పట్టిండు ఆ చుక్కను. అటెన్క బెంగళూరుకు తోలిన్రు. అక్కడ పండ్లు చూసిన్రు, కాళ్ల పొడుగు కొలిసిన్రు, కండ్లల్ల లైటేసి అటు తిప్పు ఇటు తిప్పు అన్నరు. అన్ని మంచిగున్నయి, కొత్త సాలు పడంగనే ఇమానం తోలుడు నేర్పే దుండిగల్ల హాజరు గావాలె అని కాయితం వచ్చింది.

ఇగ ఆ దినం సంది రేవణ కాలు ఒక్క తాన నిలిస్తే ఒట్టు.

కోడి కూయకముందే లేస్తడు. క్యాన్వాస్ బూట్లేసుకొని బొంబాయి సడక్ మీద ఉరుకుతడు. లారీలోళ్లు తల బయట పెట్టి, ఎవల గుర్రంరా ఇది తాడు తెంపుకుంది అని నవ్వుతుండ్రి. ఉరికొచ్చి, బిందెడు నీళ్లు నెత్తి మీద పోసుకొని, సందుక ముంగట కూసుంటడు. నల్ల రేకు సందుక, మీద తెల్ల రంగుతోని పేరు రాయించిండు. పేరు పొడుగైతే సగం మూత మీద, సగం పక్కకు వచ్చింది. అందుల తెల్లంగీలు పెడ్తడు, తీస్తడు, మళ్ల మడత పెడ్తడు. బూట్లకు పాలిష్ రుద్దుతడు, మొఖం కనవడేదాక రుద్దుతడు, మాపటికి మళ్ల రుద్దుతడు. అక్కడ ముళ్ల చెంచతోని తినాలెనట అని, జొన్నరొట్టెను చెంచతోని తుంచవోతే అది ఎగిరి గిరిజమ్మ ఒళ్లె పడ్డది.

"ఇమానం కంటె ముందు నీ రొట్టె ఎగిరింది కొడుకా" అన్నది గిరిజమ్మ. "చేత్తోని తిను, పుణ్యముంటది. ఆడికి పోయినంక చెంచతోని తింటవో, గంటెతోని తింటవో నీ ఇష్టం."

నవ్విండు గని, ఆ నవ్వు మొఖం మీద నిలువలే.

ఆ పిల్లగాని కడుపుల ఒక ముల్లు ఉండె. బెంగళూరుకెళ్లి వచ్చేటప్పుడు రైల్ల ఒకడు కూడిండు, వాడు గూడ అదే పరీక్షకు పోయినోడు. వాడన్నడట, "హాజరైనప్పుడు కండ్లు మళ్లొక్కసారి చూస్తరు భాయ్. పోయినసారి ఒకడిని ఆడికెళ్లి ఆడికే ఇంటికి పంపిన్రు, సందుక గూడ ఇప్పలేదు." గంతే. ఆ మాట చెవుల పడ్డకాడికెళ్లి రేవణ తన కండ్లను తను కాపలా కాసుడు షురూ చేసిండు. ఒక కన్ను మూసి చూస్తడు, ఇంకోటి మూసి చూస్తడు. సడక్ మీద నిలవడి, దూరంకెళ్లి వచ్చే లారీ నంబర్లు సదువుతడు. కందిలి కాడ పుస్తకం పట్టుడే బంద్ చేసిండు.

గిది గిట్ల నడుస్తుంటె, బెల్లం వండుడు మొదలయింది.

ఇప్పుడు సిద్దప్ప చూపు సంగతి చెప్పాలె. అది చెప్పకపోతే కత నీకు అందది. సిద్దప్ప కండ్లంటే చుట్టుపక్కల పేరున్న కండ్లు. చెల్క గట్టు మీద నిలవడి, రాయికోడ్ తొవ్వల దుమ్ము లేస్తే, "అది ఫలానోళ్ల బండి, ఎడమెద్దు కుంటుతున్నది" అనేటోడు. బండి దగ్గరికొస్తే అదే బండి, ఎడమెద్దు కుంటుతనే ఉండేది. ఎద్దులు కొనవోయేటోళ్లు ఆయన్ని ఎంట తీస్కపోతుండ్రి. ఇంక పీర్ల పండుగ సంగతి. పండుగ మొదలు కావాలంటే ఆసమాన్ల నెలవంక కనవడాలె, కనవడితెనే పీర్ల కొట్టం ముంగట గుంత తవ్వేటందుకు మొదటి గుద్దలి పడ్తది. పీర్లను చూసుకునే దస్తగిరి సాబు, తన తాతల కాలం సంది సిద్దప్పోళ్ల ఇంటికి కబురు పెడ్తడు. సిద్దప్ప తండ్రి ఏలు చూపెట్టెటోడు, ఆయన పోయినంక సిద్దప్ప. ఊర్ల రేడియో ఏమన్న చెప్పనీ, మా దిక్కు సిద్దప్ప ఏలు లేస్తెనే గుద్దలి పడేది. లింగం కట్టుకున్నోడు చంద్రున్ని చూపెట్టుడేంది, పీర్లు లేచుడేంది అని ఎవలు అడగలే. గట్ల నడిసింది అంతే.

గంత చూపున్న మనిషి కొడుకు గనకనే రేవణకు ఇమానం మీద మనసు పోయింది. బీదర్ల ఇమానాలు నేర్పుతరు గద, ఆ చిన్న ఇమానాలు మన నెత్తి మీదికెళ్లి పోతుండె. పిల్లగాడు ఇంత ఉన్నప్పటి సంది తండ్రీకొడుకులకు పందెం, సప్పుడు ఇనవడంగనే ఎవలు ముందు చూస్తరో అని. ఎప్పుడు తండ్రే గెలిచేటోడు.

ఆ దినం తోటల కొప్పెర కింద మంట మండుతున్నది. సిద్దప్ప చెరుకు పిప్పి ఎగదోస్తున్నడు, రేవణ పాకం కలుపుతున్నడు. బీదర్ దిక్కుకెళ్లి సప్పుడు వచ్చింది. ఇద్దరు తల లేపిన్రు.

"అగో, రెండు" అన్నడు సిద్దప్ప.

రేవణ చూసిండు. తెల్లగ ఒక్కటే పోతున్నది.

"రెండా? ఒకటే కదప్పా."

"ఒకటేందిరా. ఒకటి ముంగట, ఇంకోటి దాని రెక్క పక్కకే, జర మీదికి. ఆనుకొని పోతున్నయి. కనవడ్తలేదా నీకు?"

రేవణ కండ్లు నలుసుకున్నడు. మళ్ల చూసిండు. ఒక్కటే.

"పొగ పడ్డదేమో" అన్నడు.

"నువ్వేం తోల్తవురా ఇమానం" అని సిద్దప్ప నవ్వుకుంట పిప్పి ఎగదోసిండు. "నన్ను పంపుమని రాయి. ముసలోడైతె ఏంది, చూపు మంచిగున్నది అని రాయి."

పరాచికమే అది. తండ్రి మనసుల ఏం లేదు. గని పిల్లగాని చేతుల గంటె ఆగిపోయింది, పాకం అడుగంటి వాసన వచ్చేదాక సోయి రాలే.

మాపు ఇంటికొచ్చి తల్లిని అడిగిండు, పొద్దుగాల ఇమానం పోయింది గద, ఎన్ని పోయినయి అవ్వా అని. గిరిజమ్మ జొన్నపిండి పిసుకుతున్నది, తల లేపలే.

"నాకేమెరుక కొడుకా, నేను పొయ్యి చూస్తనా, ఆసమాన్ చూస్తనా. మీ అప్ప ఏమన్నడు?"

"రెండన్నడు."

"మరింకేంది. ఆయన రెండంటె రెండే."

చూసినవా బిడ్డా. ఇంట్ల అదొక రివాజయింది. సిద్దప్ప చూసిందే ఉన్నట్టు, ఆయనకు కనవడంది లేనట్టు. రేవణ గూడ ఆ ఇంట్ల పుట్టినోడే గద. బెంగళూరుల పెద్ద డాక్టర్లు మిషన్లు పెట్టి చూసి, నీ కండ్లు మంచియి అన్నా మనసున పట్టలే. అప్ప రెండన్నడు, తనకు ఒకటే కనవడ్డది. ఇగ లోపం ఎవలల్ల ఉంటది?

ఆ రాత్రి సంది అన్నం సగమే తిన్నడు. గిరిజమ్మ తల్లి గద, చూసింది. వీడు కండ్లు నలుపుకుంటుండంటె వేడి చేసిందని, మునగాకు కూర వండింది, ఆవునెయ్యి అన్నంల పోసింది, అరికాళ్లకు ఆముదం రుద్దింది. దుకాణం తారాబాయి, కండ్లల్ల తేనె చుక్క వేయమన్నది. రేవణ దండం పెట్టి ఉరికిండు అక్కడికెళ్లి. దవాఖానకు పోదమని గడప దాక పోతడు, మళ్ల తిరిగొస్తడు. డాక్టరు ఒక్క మాటంటె కాంపౌండరు ఇంటడు, కాంపౌండరు ఇంటె ఊరు ఇంటది. ఇప్పటికే గల్లీల, "ఏమాయె పైలట్ సాబ్, సైకిల్‌కు రెక్కలు కట్టినవా" అని అడుగుతున్నరు. కాయితం వాపసైతె ఎట్ల మొఖం చూపెట్టాలె.

లారీల నంబర్లు మాత్రం సదువుతనే ఉన్నడు. దూరంకెళ్లి సదివి, దగ్గరికొచ్చినంక చూసుకుంటె తప్పు పోతలేదు. అయినా గుండె నిలుస్తలేదు. భూమ్మీద రాసింది ఎవలైనా సదువుతరు, నాకు కావల్సింది ఆసమాన్ల ఉన్నది కనవడుడు కదా అనుకున్నడు.

ఇంకోసారి గట్లనే అయింది. గట్టు మీద గడ్డి కోస్తుంటె ఇమానం వచ్చింది. ఈసారి సప్పుడు కంటె ముందే రేవణ చూసిండు. ఒక్కటే. తండ్రి ఏమంటడో అని ఆయన దిక్కు చూసిండు. సిద్దప్ప చెయ్యి నొసలుకు అడ్డం పెట్టుకొని, "జోడు ఇయ్యాల గూడ వచ్చింది" అన్నడు. "ఎంత ముద్దుగ పోతున్నయిరా, ఒకదాన్నొకటి ఇడువకుంట. నువ్వు గూడ గట్లనే పోతవేమో."

రేవణ ఊ అన్నడు. కొడవలి కింద పెట్టి తోట చుట్టు తిరిగిండు, ఎందుకు తిరుగుతున్నడో తనకే తెల్వదు. తిరుగుతుంటె ఒక్కటే ఆలోచన. నేను తోలే ఇమానం పక్కకు ఇంకోటి వస్తె నాకు కనవడది. నేను తిప్పుతె దానికి తగుల్తది. నేను చచ్చుడే గాక ఇంకొకన్ని చంపుత. గది పరీక్షల తప్పుడు కంటె పెద్ద పాపం. లైటేసి చూసేటోళ్లు కనిపెట్టకపోయినా, నాకు ఎరుకనే గద.

అట్లనే మనసు చేసుకున్నడు. పోను అని చెప్పాలె. అప్పకు ముందు చెప్పాలె, అటెన్క కాయితం రాయాలె. ఏ మాటతోని మొదలుపెట్టాలెనో అది దొరకలే. అన్నం కాడ చెప్తననుకుంటడు, తల్లి ముంగట ఉంటది. తోటల చెప్తననుకుంటడు, తండ్రి ఏదో పాట అందుకుంటడు. సిద్దప్పకేమో కొడుకు ముచ్చటనే. బెల్లం కొనొచ్చినోళ్లకు, ఎడ్లను అడ్గొచ్చినోళ్లకు, "మా రేవణ చూపు నా చూపే, మావోడు మబ్బుల ఎనక ఉన్నది గూడ చూస్తడు" అని చెప్పుడు.

గిట్ల ఉండంగ దస్తగిరి సాబు కబురు పెట్టిండు, ఇయ్యాల మాపటికి నెలవంక చూడాలె అని.

పొద్దుగూకేటప్పటికి పీర్ల కొట్టం ముంగట మంది కూడిన్రు. ఆడోళ్లు ఒక దిక్కు, మొగోళ్లు ఒక దిక్కు. ఎదురుంగ గుట్ట, గుట్ట మీద ఒక్కటే తుమ్మ చెట్టు. గుద్దలికి పసుపు పెట్టి గోడకు ఆనిచ్చిన్రు. సిద్దప్ప తెల్ల రుమాలు చుట్టుకొని ముంగట నిలవడ్డడు. చంద్రుడు కనవడంగనే అప్పను పక్కకు తీస్కపోయి చెప్త అని రేవణ అనుకున్నడు. ఇగ దాటవెట్టద్దని పండ్లు కొరుక్కొని నిలవడ్డడు.

పొద్దు దిగింది. ఆసమాన్ ఎర్రగయ్యి, పసుపయ్యి, తెల్లవడ్డది. సిద్దప్ప చెయ్యి నొసలు మీద పెట్టిండు.

అందరు ఆయన చెయ్యినే చూస్తున్నరు. చెయ్యి లేస్తలేదు.

రేవణ గుట్ట దిక్కు చూసిండు. తుమ్మ చెట్టుకు జర మీద, గోరు గీరినంత సన్నగ, నెలవంక. చూసి మళ్ల తండ్రి దిక్కు చూసిండు. సిద్దప్ప మొఖం ఇటు తిప్పుతున్నడు, అటు తిప్పుతున్నడు.

"ఏంది సిద్దప్పా" అన్నడు దస్తగిరి సాబు. "చాంద్‌కు నీ మీద కోపమొచ్చిందా ఇయ్యాల?"

"కొడుకు ఇమానం ఎక్కుతుంటె తండ్రి చూపు గూడ మీదికి పోయినట్టుంది" అన్నడు మహాదేవప్ప అని కిరాణం కొట్టాయన. మంది నవ్విన్రు.

సిద్దప్ప నవ్వలే.

రేవణ మళ్ల గుట్ట దిక్కు చూసిండు. అప్పకు కనవడ్తలేదు, నాకు కనవడ్తున్నది. ఉన్న ఇమానం కనవడదు, లేని చంద్రుడు కనవడ్తడు, ఇంక నా కండ్లు ఏం కండ్లు అనుకున్నడు. అగో అని అరుద్దమనుకుంటె నోరు రాలే. అక్కడ చంద్రుడు లేకపోతే? నలుగురు నవ్వితే?

గప్పుడు ఆడోళ్ల దిక్కు చూసిండు. గిరిజమ్మ నిలవడ్డది. నెత్తి మీద కొంగు సదురుకొని, ఆ కొంగు అంచుల నుంచి మెల్లగ ఒక దారప్పోగు గుంజింది. కొత్త నెల చంద్రున్ని చూస్తె బట్ట నుంచి ఒక పోగు తీసి ఇచ్చి దండం పెట్టుకుంటరు గద, మా అమ్మలు గూడ చేసేటోళ్లు. ఆ పోగును బొటనేలు చూపుడేలు నడుమ పట్టుకొని, చెయ్యి కొంగు చాటుకెళ్లి కొద్దిగనే బయటికి తీసి, తుమ్మ చెట్టు మీదికి చూపెట్టి, దండం పెట్టుకున్నది. ఎవలకు కనవడకుంట. ఆమె గూడ చూసింది. చూసి, మొగడు చెప్పకముందు తను నోరు తెరుస్తె ఆయన మాట పోతదని గమ్మునున్నది.

రేవణ తల్లి ఏలు చూసిండు, ఏలు చూపిన జాగ చూసిండు. అదే జాగ. అదే సన్న గీత.

ఇద్దరికి కనవడ్డది. అప్పకే కనవడలే.

బిడ్డా, ఆ ఘడియల వాని గుండెల ఏం జరిగిందో నేను చెప్పలేను. ముందుగాల మీది నుంచి మోపు దించినట్టయింది. నా కండ్లు మంచిగనే ఉన్నయి అని. అటెన్క, ఆ మోపు ఎవల నెత్తి మీద పడ్డదో తెలిసింది. తండ్రి తెల్ల రుమాలు, నొసలు మీదికెళ్లి లేవని చెయ్యి, అంతా ఒక్కసారి కనవడ్డది.

మందిని జరుపుకుంట పోయి తండ్రి ఎనక నిలవడ్డడు. చిన్నప్పుడు సిద్దప్ప వాన్ని ఎట్ల నిలవెట్టి ఇమానం చూపెట్టెటోడో, గట్లనే రెండు భుజాల మీద చేతులేసి, చెవికాడ నోరు పెట్టిండు.

"అప్పా, గుట్ట మీద తుమ్మ చెట్టు కనవడ్తున్నదా?"

"నల్లగ ఏదో కనవడ్తున్నది" అన్నడు సిద్దప్ప, అంతే మెల్లగ.

"అదే. దాని మీద జానెడు. జర ఎడమకు." భుజం ఇంత తిప్పిండు.

సిద్దప్ప చాన సేపు చూసిండు. చెయ్యి నొసలు మీదికెళ్లి లేపి, ఏలు చాపిండు.

"అగో" అన్నడు. "పొడిసింది."

మంది అంత ఆ ఏలు ఎంబడి చూసిన్రు. కనవడ్డది అందరికి. దస్తగిరి సాబు కండ్లకు చేతులద్దుకున్నడు, గుద్దలి పడ్డది, డప్పు మోగింది. మహాదేవప్ప సిద్దప్ప ఈపు మీద చరిసి, "మమ్ముల బెదిరిచ్చినవు పో" అన్నడు.

ఇంటికి వచ్చే తొవ్వల ముగ్గురే. డప్పు ఎనక మోగుతున్నది. సిద్దప్ప కొడుకు భుజం పట్టుకొని నడుస్తున్నడు, పట్టుకున్నట్టు కనవడకుంట పట్టుకొని. కొద్ది దూరం పోయినంక ఆగిండు.

"ఒకటేనారా?"

"ఏందప్పా?"

"చంద్రుడు. ఒకటేనా పొడిసింది?"

"ఒకటే అప్పా."

"నాకు రెండు గీతలు కనవడ్డయి. ఒకదాని పక్కకు ఒకటి. ఇద్దరు చంద్రులు ఉండరు గద. అందుకే ఏలు లేపలే." మళ్ల నడిసిండు. మళ్ల ఆగిండు. "మరి ఆ ఇమానాలు?"

రేవణ తండ్రి దిక్కు తిరిగిండు.

"అవి గూడ ఒకటే అప్పా."

సిద్దప్ప తొవ్వలనే కూలవడ్డడు, ఒకల అరుగు మీద. గిరిజమ్మ అన్నది, "మొన్న నన్ను, రెండు కందిళ్లెందుకు ముట్టిచ్చినవే, నూనె దండుగ అన్నవు. ఎక్కిరిస్తున్నవనుకున్న. ఉన్నది ఒక్క కందిలే."

రేవణ ఇగ దాచలే. కడుపులది అంత కక్కిండు. రెండో ఇమానం కనవడక తను ఎట్ల తిరిగిండో, పోను అని చెప్పేటందుకే ఈ మాపు వచ్చిండని, అంతా చెప్పిండు. సిద్దప్ప ఇన్నడు. ఇని, రుమాలు తీసి మోకాలు మీద పెట్టుకున్నడు.

"డాక్టర్లు మంచిగున్నయన్నా నమ్మలేదురా?"

"నువ్వు రెండన్నవు గద అప్పా."

సిద్దప్పకు నవ్వు వచ్చింది. నవ్వుకుంటనే కండ్లు తుడుసుకున్నడు. "నాకేం చెప్పలేదేందిరా అని తిడుదమంటె, నేను గూడ నా కండ్లను అడగలేదు. పొగ అనుకున్న, చలి అనుకున్న."

"నేను జర ఆగి పోత" అన్నడు రేవణ. "నీ కండ్లు చూపెట్టినంక. బెల్లం పని గూడ ఉన్నది."

"ఆగుతవా. వాళ్లు నీకోసం ఆగుతరా? నా కండ్లకు పొర వచ్చింది, పొర తీస్తరు, బీదర్ల ఎంతమందికి తియ్యలే. బెల్లం మీ అవ్వ వండుతది, నాకంటె మంచిగ వండుతది, పొగరు ఎక్కువైతదని ఇన్నొద్దులు చెప్పలే. నువ్వు పో. ఇంట్ల ఇద్దరం పని లేకుంట కూసుంటే గిరిజ మనిద్దరిని ఎల్లగొడ్తది."

గిరిజమ్మ, "ఇప్పుడైనా ఎల్లగొడ్త, చలి వెడ్తున్నది, లేవున్రి" అన్నది.

పీర్ల పండుగ అయినంక కొత్త సాలు పడ్డది. రేవణ రేకు సందుక బస్సు మీదికి ఎక్కిచ్చిండు. సందుక ఎక్కించుడు ఐంది గని, పిల్లగాని కాలు అప్పుడు గూడ నిలువలే, ఎక్కుతడు దిగుతడు, తండ్రి చెయ్యి పట్టుకొని, బీదర్ పోతనని నా మీద ఒట్టెయ్యి అంటడు. కండక్టరు ఈల ఊదంగ ఊదంగ ఎక్కిండు. దుండిగల్ల కండ్లు మళ్ల చూసిన్రట, ఏమనలేదట.

సిద్దప్ప బీదర్ పోయిండు, పొర తీయిచ్చుకున్నడు, సీసా అడుగసొంటి దొడ్డు అద్దాలు పెట్టుకొని వచ్చిండు. ఎండ కాలంల గట్టు మీద కూసుంటె ఒక ఇమానం పోయింది. గిరిజమ్మ పొయ్యి ఇడిసిపెట్టి వచ్చి అడిగింది, ఎన్ని అని. "ఒకటే" అన్నడు సిద్దప్ప. అది కనుమరుగయ్యే దాక చూసి, "ఒక్కటే పోతున్నది పాపం" అన్నడు.

గిదే బిడ్డా ఆ ముచ్చట. యాది పెట్టుకో. నా తర్వాత దీన్ని చెప్పేటోళ్లు లేరు. మీ పిల్లలకు చెప్పు, పీర్ల పండుగకు నెలవంక చూసేటప్పుడు పక్కనున్నోళ్లకు చెప్పు. నీ ఇష్టమున్నట్టు చెప్పు గని, ఒక్కటి తారుమారు చెయ్యకు. చంద్రున్ని చూసింది కొడుకు, ఏలు చూపెట్టింది మాత్రం సిద్దప్పనే. గట్లనే చెప్పు.